తువ్వాలకు ఆ కొసన మా అత్త

నేను అబద్ధాలు చెప్పనని మా ఊర్లో ఎవరైనా అన్నారంటే వాళ్లు ఊరికి కొత్త అన్నమాట. మగ్గం గుంటలో కూర్చున్నవానికి చేతులకు పనుంటుంది, కాళ్లకు పనుంటుంది, నోటికి మాత్రం ఉండదు. ఆ నోటిని నేను చిన్నప్పటి నుంచీ కోతలతో మేపుతూ వచ్చాను. నడివేసవిలో చెయ్యేటి ఇసుకలో మొసలి కనిపించిందనీ, దాహమేసి నా చెంబులో నీళ్లు తాగి దండం పెట్టి పోయిందనీ చెప్పేవాడిని. వినేవాళ్లకు అది కోత అని తెలుసు. వాళ్లకు తెలుసని నాకూ తెలుసు. ఎవరికీ నష్టం లేదనుకునేవాడిని. కానీ ఒక కోత సముద్రం దాటి కువైట్‌కు పోయి, అక్కడి నుంచి మళ్లీ మా వాకిట్లోకే వచ్చి దిగింది. దాన్ని గురించి రాయబోతే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మాది రాజంపేటకు దగ్గరలో ఒక నేతపల్లె. ఒకవైపు చెయ్యేరు, ఇంకోవైపు అడవికొండ. సంతల నిండా మరమగ్గాల చీరలు దిగి, మా చీరను చేత్తో తాకి చూసి పక్కన పెట్టేవాళ్లు ఎక్కువైన కాలం. మా వైపు ఆడవాళ్లు కువైట్‌కు పోవడం అప్పటికే వింత కాదు. ప్రతి వీధిలో పోయినవాళ్లో, పోవడానికి తయారవుతున్నవాళ్లో ఉండేవారు. నా భార్య కూడా రెండేళ్ల ఒప్పందం మీద అక్కడ ఒక ఇంట్లో వంటపనికి పోయింది. కష్టపడేది ఆమె, సిగ్గుపడేది నేను. అంగడి దగ్గర ఎవరైనా "ఏమప్పా, మీ ఇంటి మగదిక్కు కువైట్‌లో ఉండాదంట కదా" అంటే అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాడిని. ఇంటికొచ్చి మగ్గంలో అటూ ఇటూ నాడె విసిరితే ఆ విసురుకు పేక దారం తెగేది.

మాకు ఒక్కతే కూతురు. అప్పటికి రెండో తరగతి. దాన్ని చూసుకోవడానికి బేతంచెర్ల నుంచి మా అత్త వచ్చింది. మా మామ మగ్గం వదిలేసి అక్కడ నాపబండలు పాలిష్ చేసే మిషన్ దగ్గర కుదిరినప్పటి నుంచి ఆమె బతుకంతా ఆ తెల్లదుమ్ములోనే గడిచింది. ఆయనతో సమానంగా బండలెత్తిన మనిషి. మామ పోయాక ఒంటరిగా ఉంటోంది. కూతురు అడగ్గానే మూట కట్టుకుని రైలెక్కి వచ్చేసింది.

మా ఇళ్లలో అత్త అల్లునితో నేరుగా మాట్లాడదు. అల్లుడు కూర్చుంటే తాను కూర్చోదు, అల్లుడు వస్తే కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. అది కోపం కాదు, అల్లునికి ఆమె వేసే పెద్దపీట. ఎదురుగా నిలబడి మాట్లాడేది పాలు పోసేవానితో, కట్టెలమ్మేవానితో. అల్లుడు ఆ వరుసలోకి రాడు. కాబట్టి మా అత్త ఏం చెప్పాలన్నా పాపతో చెప్పేది. పాప బడికి పోయుంటే గోడతో చెప్పేది. నేను మగ్గం నేసే గదికీ, ఆమె రాట్నం పెట్టుకుని నాడెకు కావలసిన నూలు కండెలు చుట్టే గదికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉండేది. చుట్టిన కండెలు ఆ కిటికీలో పెట్టి, "గోడా, నూలు అయిపోతాండాది" అనేది. "సాయంత్రం తెస్తాను గోడా" అని నేనూ గోడకే జవాబిచ్చేవాడిని. కొత్తలో నవ్వొచ్చేది. కొన్నాళ్లకు ఆ మాటల్లోని మెత్తదనం నాకు బాగా అలవాటైపోయింది.

అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజు ఊరి బయటికి పోవడం నా భార్య పెట్టిన అలవాటు. నెలంతా గుంటలో కాళ్లు పెట్టుకునే మనిషికి ఒక్కరోజన్నా ఎండ తగలాలనేది. ఆమె కువైట్‌కు పోయాక కూడా పాప కోసం దాన్ని వదల్లేదు. సద్దిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, నాలుగు ఎర్రగడ్డలు మూటగట్టుకుని ఒకసారి ఏట్లోకి, ఒకసారి కొండ అంచుకు పోయేవాళ్లం. ముందు నేను, ఒక పడుగంత దూరం వెనకాల మా అత్త. మధ్యలో పాప అటూ ఇటూ ఉరుకుతూ మాటలు మోసేది.

"నాయనా, ఆ తుమ్మచెట్టు కింద వద్దంట. రాతినీడన కూచ్చుందామని అవ్వ అంటాంది."

"రాతి కింద తేళ్లుంటాయని చెప్పు మీ అవ్వకు. మొన్న ఒకటి చూసినా, పిల్లి అంత ఉండాది."

పాప వెనక్కి ఉరికేది, ఆయాసపడుతూ మళ్లీ వచ్చేది. "బేతంచెర్ల బండల కింద అవ్వ శానా తేళ్లను చూసిందంట. అన్నీ నీ కోతల కంటే చిన్నవేనంట."

వెనకాల కొంగు మాటున నవ్వు వినిపించేది. నా కోతలను మా అత్త అట్లా నవ్వుతూ భరించేది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు తేటపడేదాకా ముగ్గురం కాచుకుని కూర్చునేవాళ్లం. మేమిద్దరం వేరే వేరే వైపులకు తిరిగి, పాప మాత్రం ఇద్దరి వైపూ తిరిగి.

ఆ ఏడు సీతాఫలాలు పండే కాలంలో ఒక అమావాస్యకు కొండ అంచుకు పోయాం. మా అత్త బుట్ట నిండా పండ్లు కోసింది. మధ్యాహ్నం దాటాక కొండ మీద నల్లగా మబ్బు మూసింది. మా మీద నాలుగు చినుకులే పడ్డాయి గానీ పైన గట్టిగా కురిసినట్టుంది. పొద్దున మేము పొడికాళ్లతో దాటిన వంకలో, తిరిగి వచ్చేసరికి తొడల దాకా ఎర్రనీళ్లు పోతున్నాయి. ఆగుదామంటే మబ్బు ఇంకా పెరుగుతోంది. పాపను భుజాన ఎక్కించుకుని మా అత్త వైపు చెయ్యి చాపాను. ఆమె ముఖం తిప్పుకుంది. అల్లుని చెయ్యి పట్టుకోవడం కంటే వంకలో కొట్టుకుపోవడమే మేలన్నట్టు నిలబడింది. చివరికి నా భుజం మీది తువ్వాల తీసి ఒక కొస ఆమె వైపు విసిరాను. ఆమె దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. తల మీద బుట్ట, ఒక చేత్తో తువ్వాల. అట్లా దిగాం.

నడిమధ్యలో నా కాలి కింద గుండ్రాయి ఒకటి దొర్లింది. పడ్డాను. పాపతో సహా మునిగాను. నోట్లో, ముక్కులో ఎర్రమన్ను. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. తువ్వాల మాత్రం బిగిసింది. మా అత్త నీళ్లలో కాళ్లు ఎడంగా తన్ని పెట్టి, బండలెత్తిన ఆ చేతులతో మా ఇద్దరినీ బొక్కెన చేదినట్టు చేదింది. గట్టెక్కాక నేను దగ్గుతూ కూలబడితే, ఆమె అటు తిరిగి చీర కుచ్చిళ్లు పిండుకుంటూ పాపతో అంది: "మీ నాయనకు చెప్పు, చెప్పులు పోతే పోయినాయి గానీ సీతాపండ్లు భద్రంగా ఉండాయని."

తల మీది బుట్ట కదల్లేదు మరి.

ఊరు చేరేదాకా, ప్రాణం దక్కిన సంతోషం కంటే, ఇంట్లో ఉన్న ఒక్క మగవాడినీ అత్త చేదుకోవాల్సి వచ్చిందే అన్న చిన్నతనం నన్ను తినేసింది.

ఆ రోజుల్లో మాకు కబుర్లు నడిచేది క్యాసెట్లతో. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే సగం సేపు హలో హలోలకే సరిపోయేది. అందుకని టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, కువైట్‌కు పోయేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చేవాళ్లం. అటు నుంచి వచ్చేవాళ్లు నా భార్య క్యాసెట్ తెచ్చేవాళ్లు. అంతకుముందు వచ్చిన దాంట్లో ఆమె మాటల కంటే ఏడుపే ఎక్కువ. "పాప జడ ఎవరేస్తాండారు" అని అడిగి, మిగతాదంతా ముక్కు ఎగబీల్చడమే. ఆమెను నవ్వించాలనుకున్నాను. అది నిజం. నా చిన్నతనాన్ని కప్పుకోవాలనుకున్నాను. అదీ నిజమే. మా అత్త నీళ్లకు పోయిన సమయం చూసి బటన్ నొక్కాను.

"ఏమ్మే, వింటాండావా? వంక వచ్చె. మీ అమ్మ దాటనని మొండికేసె. నేను వంగితి. గభాలున నా వీపెక్కె! నా చెవులు రెండూ పగ్గాల మాదిరి పట్టుకోనె. నడినీళ్లలో హై హై అని అదిలించె. గట్టెక్కినాక దిగమంటే దిగలా, ఊరిదాకా నడువు అనె. నాకు గడ్డి వేస్తాదేమోనని చూస్తి..."

పక్కనే కూర్చున్న పాప ముందు నవ్వింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "నాయనా, అవ్వ యాడెక్కింది?"

"ఊరికే ఉండు. అమ్మ నవ్వొద్దా?"

జవాబు క్యాసెట్‌లో నా భార్య నవ్వింది. ఆమె ఒక్కతే కాదు, వెనకాల చాలా గొంతులు నవ్వాయి. మా వైపు ఆడవాళ్లు సెలవు దొరికిన శుక్రవారాల్లో ఒకరి గదిలో కలుస్తారట. ఎవరి ఇంటి నుంచి క్యాసెట్ వచ్చినా అది అందరి క్యాసెట్టేనట. ఒకరి బర్రె ఈనితే గదిలో ఉన్నవాళ్లంతా సంతోషిస్తారట. "నీ క్యాసెట్ వచ్చిందా అని అందరూ అడుగుతాండారు" అంది నా భార్య. ఆ మాటకు నాకు భయం వేయాలి. గర్వం వేసింది. ఆ తర్వాత ప్రతి క్యాసెట్‌లోనూ మా అత్త నా వీపు మీద ఊరేగింది. ఒకసారి ఏరు దాటింది, ఒకసారి ఎలుగుబంటిని తరిమింది. "మా అమ్మ చెవిన పడితే బాగుండదు" అని నా భార్య ఒకసారి నెమ్మదిగానే చెప్పింది. ఎట్లా పడుతుందిలే అనుకున్నాను. మధ్యలో సముద్రం ఉంది కదా.

వేసవిలో పక్క ఊరి ఆమె కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. నా భార్య పంపిన సబ్బులు, పాలపొడి డబ్బా, పాపకు గౌను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కువైట్ నుంచి మనిషి వస్తే వీధి వీధంతా వాకిట్లో చేరుతుంది. తమవాళ్ల కబురు కూడా తెచ్చిందేమోనని. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమెను చూసి ఆ వచ్చినామె చప్పట్లు చరిచింది.

"యమ్మో! అల్లుని వీపెక్కిన అత్త ఈమేనా? ఇంత నెమ్మదిగా ఉండాదే!"

"ఏందమ్మే అది? చెప్పు, చెప్పు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

చెప్పింది. చెవులు పట్టుకోవడం, అదిలించడం అన్నీ చేసి చూపించింది. ఆమెలో చెడ్డతనం లేదు. ఎంతో ప్రేమగా చెప్పింది, పరాయి దేశంలో తమను నవ్వించిన కథ కదా. వాకిలి పగిలేట్టు నవ్వారు. మగ్గం గుంటలో నేను కూడా నవ్వాను. నా కథకు జనం నవ్వితే నేను నవ్వడం అలవాటు. నవ్వుతూ తలెత్తి చూస్తే మా అత్త చెంబును గడప మీద పెట్టి లోపలికి పోతోంది.

రాట్నం చప్పుడు ఆగిపోయింది. మర్నాడు కొళాయి దగ్గర ఎవరో ఆమె వెనక హై హై అన్నారట. బిందె నిండకుండానే తిరిగొచ్చింది. పాపను పిలిచి, నాకు వినపడేట్టు చెప్పింది: "మీ నాయనకు చెప్పు, ఆదివారం రైలుకు నేను బేతంచెర్లకు పోతాండా."

ఆమె పోతే పాపను చూసే దిక్కు లేదు. నా భార్య ఒప్పందం మధ్యలో వదిలి రావాలి. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గర ఉంది. మధ్యలో పోతానన్నవాళ్లను ఎట్లా సతాయిస్తారో మా వీధిలో అందరికీ తెలుసు. అదంతా నా నోటి వల్ల.

"అవ్వకు చెప్పు, తప్పయిపోయిందని" అన్నాను.

పాప పోయి వచ్చింది. "గోడకు చెప్తే తప్పు పోదంట. ఎవురు వినినారో వాళ్లకు చెప్పమంట."

మళ్లీ టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాను. కోతలు కోయడానికి ఏనాడూ తడుముకోని నాలుక, జరిగింది చెప్పడానికి మొద్దుబారింది. "ఇంతకుముందు చెప్పింది నిజం కాదు. మీ అమ్మ నా వీపెక్కలేదు. నన్ను తాకను కూడా తాకలేదు. తువ్వాలకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను పట్టుకోని వంక దాటినాము" అని చెప్పి బటన్ మీద వేలు పెట్టాను.

"నాయనా, నువ్వు పడితివి కదా" అంది పాప. "అవ్వే కదా మనల్ని లాగింది. అది చెప్పలేదేం?"

కిటికీ అవతల గాజులు కదిలిన చప్పుడైంది. ఆమె వింటోంది. నేను పడ్డానని, మునిగానని, ఆమే చేదిందని, ఆ సిగ్గుకే కథ తిరగేశానని చెప్పాను. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

సాయంత్రం పక్క ఊరి నుంచి ఆ కువైట్ ఆమెను, మా వీధివాళ్లను పిలిచి వాకిట్లో ఆ క్యాసెట్ వేశాను. అందరూ చివరిదాకా విన్నారు. ఇక అయిపోయిందిలే అని ఊపిరి పీల్చుకునేలోగా ఎదురింటి పెద్దాయన తొడ చరుచుకున్నాడు.

"ఓరి నీ పాసుగూల! అత్త చేదిందంట, ఈయన బొక్కెన మాదిరి పైకొచ్చినాడంట! ముందు కథ కంటే ఇదే శానా బాగుండాది!"

మళ్లీ అదే నవ్వు. ఇంకా పెద్దగా.

"నిజమప్పా, ఒట్టు!" అన్నాను.

"ఎవురి మీద ఒట్టు? ఏట్లో మొసలి మీదనా?"

నేను ఎంత మొత్తుకుంటే అంత నవ్వారు. కువైట్ ఆమె కళ్లు తుడుచుకుంటూ, "దీన్ని తప్పకుండా తీస్కపోతా, అందరూ కాచుకోని ఉంటారు" అంది. నా జన్మలో మొదటిసారి నలుగురి ముందు నిజం చెప్పాను. అది కూడా కోతల్లో కలిసిపోయింది. ఆమె పరువును బయటికి లాగడానికి నా దగ్గర ఇంకో మాట లేదు.

అప్పుడు మా అత్త బయటికి వచ్చింది. తల మీద కొంగు లేదు, నడుముకు దోపుకుంది. నేరుగా నా ముందుకు వచ్చి, నా ముఖంలోకి చూసింది. మా పెళ్లయినప్పటి నుంచీ ఆమె కళ్లు ఏ రంగులో ఉంటాయో అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏమప్పా. చాలించు. నువ్వు చెప్పేకొద్దీ నేను ఇంకా పల్చనైతాండా."

వాకిలంతా చల్లబడింది. అత్త అల్లునితో అట్లా మాట్లాడటం వాళ్లలో ఎవరూ చూసి ఉండరు. ఆమె అటు తిరిగి, "నవ్వినారు కదా. ఇంగ ఇండ్లకు పోండి, పొయ్యి మీద పెట్టుకోని వచ్చింటారు" అంది. ఒక్కొక్కరే లేచారు. ఎదురింటి పెద్దాయన చెప్పులు వెతుక్కుంటూ నా వైపు చూడకుండానే పోయాడు.

ఆదివారం ఆమె రైలెక్కలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. క్యాసెట్ రెండో వైపున ఆమె తన కూతురితో తానే మాట్లాడిందని, నన్ను ఆ పూట బయటికి పంపేసిందని మాత్రం తెలుసు. ఏం చెప్పిందో తెలియదు. జవాబుగా వచ్చిన క్యాసెట్ నిండా అమ్మతో మాటలు, పాపతో మాటలు. నాకు చివర్లో ఒకటి: "ఒళ్లు జాగ్రత్త."

ఒప్పందం ముగిసేదాకా మా అత్త ఉంది. పాపకు జడలు వేసింది, కండెలు చుట్టింది, అన్నం వండింది. ఏ పనికీ లోటు రానివ్వలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి గోడకూ, పాపకూ సెలవిచ్చేసింది. "ఏమప్పా, నూలు తే." "ఏమప్పా, అన్నం పెట్టినా, తిను." పాలవానితో మాట్లాడినట్టు, నా కళ్లలోకి చూస్తూ. గొంతులో కోపం ఉండేది కాదు, అసలేమీ ఉండేది కాదు. ఏమీ తెలియని చుట్టాలు వస్తే, "అత్తా అల్లుడు ఎంత కలిసిపోయినారు, తల్లీ కొడుకుల మాదిరి" అని మెచ్చుకునేవారు. నేను తెగని పోగును అతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగిపోయేవాడిని.

అమావాస్యలకు పోవడం మానలేదు. ఆమె నా పక్కనే నడిచేది. ఏట్లో నా ఎదుటే కాళ్లు చాపుకుని కూర్చునేది. పాప కొన్నాళ్లు మా ఇద్దరి మధ్యా ఖాళీగా నడిచి, "ఎవురూ ఏమీ చెప్పమనరేం?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

నా భార్య వచ్చిన రోజు ఇల్లంతా సందడి. చిక్కిపోయింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పెట్టెకు కట్టిన తాడు విప్పుతోంది. మా అత్త వంటింట్లోంచి వచ్చి నడివాకిట్లో నిలబడి, మామూలుగానే అంది: "ఏమప్పా, బకెట్‌తో నీళ్లు తెచ్చిపెట్టు. నా బిడ్డ స్నానం చేస్తాది."

తాడు విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. నా భార్య తన తల్లి వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు. కువైట్‌లో అన్ని క్యాసెట్లూ విన్న మనిషే. అన్నీ ఆమెకు తెలుసని నేననుకున్నాను. ఇది తెలియదు.

"ఎప్పట్నుంచమ్మా?" అని అడిగింది తల్లిని.

"శానా దినాలైంది లే. నీళ్లు పోసుకోని రా, అన్నం తిందువు."

నన్ను ఏమైనా అంటుందని నిలబడ్డాను. ఆమె తల వంచుకుని మళ్లీ తాడు విప్పసాగింది. నేను బకెట్ తీసుకుని కొళాయి దగ్గరికి పోయాను. అది నిండి పొర్లిపోతున్నా, వెనకాల బిందెలతో నిలబడినవాళ్లు కేకలేసేదాకా అక్కడే ఉన్నాను.